చిత్రతురగమూ స్పిట్‌ఫైరూ: యుద్ధవిమాన క్రీడలలో వాస్తవికత

కీలకపదాలు: వాస్తవికత, అనుకృతి, చిత్రతురగన్యాయం, దివ్యదృష్టి, సిమ్యులేషన్, హైదరాబాద్ స్క్వాడ్రన్

వాస్తవికతను అంశాలవారీగా విడగొట్టి, ఏ అంశం కావాలో ఏది వద్దో పాఠకుణ్ణే ఎంచుకోమన్న రచన తెలుగులో లేదు. యుద్ధవిమాన క్రీడలలో ఆ ఏర్పాటు ఉంది. 2001లో వెలువడిన 'ఐఎల్-2 స్టుర్మోవిక్' అన్న రష్యన్ కంప్యూటర్ క్రీడలో ఆట మొదలుకాకముందే ఒక పట్టిక ఎదురవుతుంది. గాలి అలజడి, వేగం తగ్గిన విమానం పట్టుతప్పి గింగిరాలు తిరగడం, ఇంజను వేడెక్కడం, బలమైన మలుపులో పైలట్ కళ్లకు చీకట్లు కమ్మడం, తూటాలూ ఇంధనమూ పరిమితంగా ఉండడం, కాక్‌పిట్‌లోంచి తప్ప బయటినుంచి విమానాన్ని చూడలేకపోవడం వంటివి ఆ పట్టికలోని అంశాలు. ఒక్కొక్క దాని ఎదుట ఒక మీట. అన్ని మీటలనూ వేసి ఆడడాన్ని ఆటగాళ్లు తమ పరిభాషలో 'ఫుల్ రియల్' అంటారు, అంటే సంపూర్ణ వాస్తవం. సాహిత్య విద్యార్థి నిలబడి ఆలోచించవలసిన మాట అది. యథాతథ చిత్రణకూ వాస్తవికతకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న చర్చ తెలుగు విమర్శలో దశాబ్దాలుగా తెగలేదు. ఆ గీతను ఇక్కడ ఒక సాంకేతిక పట్టిక ఇట్టే గీసేసింది. అది గీసిన చోటు సరైనదేనా అన్నది ఈ వ్యాసం విచారించే ప్రశ్న.

ఇది తెలుగు శాఖకు సంబంధించిన ప్రశ్నేనా అన్న సందేహం సహజం. ఈ వ్యాసకర్త పరిచయమున్న ప్రాంతం వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్. ఆ మండలానికి తూర్పున దుండిగల్‌లో భారత వాయుసేన అకాడమీ ఉంది. వాయవ్యాన, రాష్ట్ర సరిహద్దు దాటితే, బీదర్‌లో యుద్ధవిమాన శిక్షణ కేంద్రం ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్న పల్లెలలో విమానపు చప్పుడు పత్తిచేలలో పనిచేసేవారి తల ఎత్తించేంత వింత కాదు. ఇక్కడి యువకులు సెల్‌ఫోనులో ఇటువంటి ఆటలు ఆడతారు. వారిలో కొందరు అగ్నివీర్ పరీక్షలకు పుస్తకాలు పట్టుకుని తిరుగుతారు కూడా. ఆటలో యుద్ధం గురించి తెలిసినది నిజమని నమ్మి ఒకడు జీవితపు దారి ఎంచుకుంటే, ఆ ఆట చెప్పిన నిజం ఎంతటిదో అడగవలసిన బాధ్యత ఎవరో ఒకరికి ఉంటుంది. కావ్యం సత్యాన్ని ఎలా చెబుతుందో రెండువేల ఏళ్లుగా తర్కిస్తున్న శాస్త్రాన్ని చదువుకుంటున్నవారికి ఆ బాధ్యత మరికాస్త ఎక్కువ.

హైదరాబాద్ పేరు మోసిన విమానాలు

ఉదాహరణగా ఏదో ఒక విదేశీ విమానాన్ని తీసుకోనక్కరలేదు. బ్రిటిష్ రాజకీయ వాయుసేనలో మూడు స్క్వాడ్రన్లు మన రాజధాని పేరు మోశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబరు విమానాలను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించాడు. అందువల్ల అది 'హైదరాబాద్' స్క్వాడ్రన్ అయింది. 1918లో అది ఫ్రాన్సు చేరి, పగటివేళ జర్మన్ పట్టణాలపై బాంబులు వేసే దళంలో పనిచేసి, భారీగా నష్టపోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ, 253వ స్క్వాడ్రన్‌కూ అదే పేరు దక్కింది. 1940 వేసవిలో ఇంగ్లండు గగనతలంపై జరిగిన పోరులో 152వది స్పిట్‌ఫైర్లతోనూ, 253వది హరికేన్లతోనూ పాల్గొన్నాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నం నిజాం ధరించే దస్తార్. దాని కింది నినాదానికి అర్థం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. మొదటి యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదులోని మాటలే అవి.

ఆ స్పిట్‌ఫైరును నేడు ఎవరైనా ఇంట్లో కూర్చుని నడపవచ్చు. 1940 నాటి ఆ పోరు మీదనే 2011లో 'క్లిఫ్స్ ఆఫ్ డోవర్' అన్న క్రీడ వచ్చింది. ఇటువంటి క్రీడలలో విమానంపై కోరిన స్క్వాడ్రన్ గుర్తులు వేసుకునే వీలుంటుంది. 152వ స్క్వాడ్రన్ విమానాల పక్కన రాసి ఉండే 'యు', 'ఎం' అక్షరాలను ఒక తెలుగు కుర్రవాడు తన విమానంపై వేసుకుని ఎగరవచ్చు. అలా ఎగిరినవాడికి ఆ క్రీడ నేర్పేది తక్కువేమీ కాదు. తొలి స్పిట్‌ఫైరుకు ఎనిమిది మరతుపాకులు, ఒక్కొక్క దానికి దాదాపు 300 తూటాలు. మీట నొక్కిపట్టుకుంటే దాదాపు పదిహేను సెకన్లలో అన్నీ ఖాళీ. ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే దాని మెర్లిన్ ఇంజను ఒక క్షణం ఆగిపోతుంది. కార్బొరేటరులోని ఇంధనం పైకి లేచి, ఇంజనుకు అందవలసిన తీరులో అందకపోవడమే కారణం. ఇంధనాన్ని నేరుగా ఇంజనులోకి చిమ్మే ఏర్పాటున్న జర్మన్ మెసర్ష్‌మిట్‌కు ఈ ఇబ్బంది లేదు. శత్రువు ముక్కు దించి తప్పుకుపోతుంటే వెంటాడేవాడు ముందు విమానాన్ని తిరగేసి, ఆపైన దిగవలసి వచ్చేది. బీయట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు ఇంధనమార్గంలో అమర్చే చిన్న లోహపు బిళ్లను రూపొందించి, 1941లో ఆ లోపాన్ని చాలావరకు తగ్గించింది. మంచి సిమ్యులేషన్ ఆ ఒక్క క్షణపు ఇంజను మౌనాన్ని కూడా తు.చ. తప్పకుండా చూపుతుంది.

దీనిని చిన్నచూపు చూడరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మన సినిమాలలో నాయకుడి తుపాకీకి తూటాలు అయిపోవు, అతని విమానానికి ఇంధనం తరగదు. వాటి పక్కన పెడితే ఈ క్రీడ చాలా నిజాయితీ గలది. వీరత్వం కంటే ముందు వేడిమిమీటరు చూసుకోవాలని చెబుతుంది. మొదటి పదిసార్లు ఎగిరినవాడు శత్రువు కనబడకముందే నేల కూలుతాడు. అతిశయోక్తిని ఇంత కఠినంగా శిక్షించే కళారూపం మరొకటి అరుదు.

చిత్రతురగం

అయినప్పటికీ ఇది ఎటువంటి జ్ఞానం? నాట్యశాస్త్ర వ్యాఖ్యాత శ్రీశంకుకుడు ఇటువంటి ప్రశ్నకే ఒక జవాబు చెప్పాడు. ఆయన గ్రంథం మనకు దక్కలేదు. అభినవగుప్తుని 'అభినవభారతి' ద్వారానే ఆయన మతం తెలుస్తున్నది. గోడమీది గుర్రపు బొమ్మను చూసినవాడు 'ఇది గుర్రం' అంటాడు. అది యథార్థజ్ఞానం కాదు, ఎందుకంటే అక్కడ గుర్రం లేదు. భ్రాంతి కాదు, ఎందుకంటే తరువాత అతడు మోసపోయానని అనుకోడు. గుర్రమా కాదా అన్న సంశయం లేదు. గుర్రంలా ఉంది అన్న సాదృశ్యమూ కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ప్రతీతి వల్ల నటునిలో రామునీ, అతని స్థాయిభావాన్నీ సామాజికుడు ఊహించి ఆనందిస్తాడని శంకుకుని వాదం. రసం అనుకరణ రూపమన్నమాట.

సిమ్యులేషన్ అచ్చంగా శంకుకుని బొమ్మగుర్రం. ఆటగాడు 'నేను ఎగురుతున్నాను' అంటాడు. అబద్ధమాడినట్టూ కాదు, భ్రమించినట్టూ కాదు. కాగా ఈ వాదాన్ని అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు ఖండించిన తీరు మన విచారణకు మరింత పనికివస్తుంది. బయటికి కనిపించే చేష్టలను అనుకరించవచ్చు. కన్నీరు, వణుకు, స్వరభేదం చూడదగినవి, వినదగినవి. అంతరంగంలోని స్థాయిభావాన్ని మాత్రం ఎవరు చూశారు? చూడనిదానికి అనుకరణ ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్నను స్పిట్‌ఫైరు దగ్గరికి తెస్తే పట్టికలోని లోటు తేటపడుతుంది. కొలవగలిగినవన్నీ అందులో ఉన్నాయి. ఇంజను వేడి, గురుత్వబలం, తూటా పథం అన్నీ లెక్కలు. ఇరవై ఏళ్ల పైలట్ నాలుక పిడచకట్టడానికి లెక్క లేదు కాబట్టి మీట లేదు. కళ్లకు చీకట్లు కమ్మడం మాత్రం ఉంది. అంటే శరీరంలోనూ యంత్రంలాంటి భాగానికే అక్కడ చోటు దొరికింది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే విభావాలు అతిసమగ్రంగా ఉన్నాయి. భయం స్థాయికి రాకముందే ఆట తిరిగి మొదలవుతుంది.

ఇంతమాత్రం చేత దానిని అసత్యం అనలేము. కొలవగలిగినదాన్ని సరిగా కొలిచి చూపడం ఒక పాక్షిక సత్యం. పాక్షిక సత్యానికి 'సంపూర్ణం' అని పేరు పెట్టినచోటే నైతికమైన చిక్కు మొదలవుతుంది. చదరంగంలో ఏనుగు చచ్చినా ఎవరూ నొచ్చుకోరు, అది నిజమైన ఏనుగు అని చదరంగం ఎప్పుడూ చెప్పుకోలేదు గనుక. నవల నుంచి కోరేది ఆట నుంచి కోరడం అన్యాయమని ఎవరైనా ఆక్షేపిస్తే సమాధానం ఇదే: ఆ కోరిక మనది కాదు, ఆట తనకు తాను పెట్టుకున్న పేరులోనిది.

సంజయుని అభయం

యుద్ధాన్ని ఎంతవరకు చూపాలన్న విషయంలో మన పూర్వులు ఆశ్చర్యకరమైన నిగ్రహం పాటించారు. యుద్ధాన్నీ, రాజ్యభ్రంశాన్నీ, మరణాన్నీ, నగర ముట్టడినీ రంగస్థలంపై ప్రత్యక్షంగా ప్రదర్శించక, ప్రవేశకాల ద్వారా సూచించాలని నాట్యశాస్త్రం విధించింది. దీనిని సున్నితత్వంగానో, రంగస్థల సౌకర్యంగానో మాత్రమే చూడడం చాలదు. మరణాన్ని నటిస్తే అది నటన అవుతుంది, మరణం కాదు. దానిని కబురుగా చెబితే వినేవాడి ముఖంలో నిజం కనిపిస్తుంది.

మహాభారత యుద్ధకథ అలా కబురుగా చెప్పిందే. వ్యాసుడు ధృతరాష్ట్రుని వద్దకు వచ్చి, యుద్ధాన్ని చూడగోరితే కన్నులిస్తానంటాడు. జ్ఞాతివధను చూడలేను, విని తెలుసుకుంటానంటాడు ధృతరాష్ట్రుడు. అప్పుడు దివ్యదృష్టి సంజయునికి దక్కుతుంది. దానితోపాటు మరో వరం కూడా: ఆయుధాలు అతణ్ణి తాకవు, శ్రమ అతణ్ణి బాధించదు. రణరంగమంతా కనిపించాలి, రణం మాత్రం అంటరాదు. ఈ రెంటినీ కోరే మనిషికి నేటి సాంకేతికత సంజయుని వరాన్ని కొనుక్కునేలా చేసింది. తూటా తగిలినా గాయం లేదు, నేల కూలినా చావు లేదు. అయితే ఇక్కడ సంజయుని ఎదుట ధృతరాష్ట్రుడు లేడు. భారతంలో చూసేవాడు క్షేమంగానే ఉన్నా, వినేవాడికి రణంలో వందమంది కొడుకులు ఉన్నారు. సంజయుడు చెప్పిన ప్రతి పడిపాటూ ఒక తండ్రి చెవిలో పడుతుంది. యుద్ధపర్వాలలోని వర్ణన ఎంత విస్తరించినా వినోదంగా మారకుండా కాపాడింది ఆ వినికిడే.

ఇతిహాసం అక్కడితో ఊరుకోలేదు. స్త్రీపర్వంలో రెండవ దివ్యదృష్టి ఉంది. ఈసారి అది గాంధారికి. యుద్ధం ముగిశాక ఆమె ఆ చూపుతో రణభూమిని చూస్తూ, ఎవరి కళేబరం ఎక్కడ పడి ఉందో, ఎవరి భార్య ఎవరి తలను వెతుకుతున్నదో కృష్ణునికి ఒక్కొక్కరినే చూపుతుంది. శత్రుపక్షంలోని అభిమన్యునికీ ఆమె దుఃఖంలో చోటుంది. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన అంతకుముందు భీష్మ, ద్రోణ, కర్ణ పర్వాల రణాన్ని తెలుగు చేసిన తిక్కనే. రణాన్ని అంత బలంగా చెప్పిన కవికి స్త్రీపర్వం ఒక అనుబంధం కాదు. మొదటి చూపు ఎలా గెలిచారో చెబితే రెండవది ఏమి మిగిలిందో చెబుతుంది. యుద్ధ వాస్తవికత అన్న మాటకు భారతం ఇచ్చే కొలత ఈ రెండు చూపులూ కలిసినది. 'ఫుల్ రియల్' మొదటి చూపుతో ఆగిపోయిన కొలత.

నేలమీది మనుషుల సంగతి మరీ స్పష్టం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నంపైనా కాకినాడపైనా బాంబులు వేశాయి. విశాఖలో జనం ఇళ్లు విడిచి పల్లెలకు పరుగెత్తారు. ఆ దాడిని సిమ్యులేషన్‌గా రూపొందించడం కష్టమేమీ కాదు. నౌకపై నుంచి లేవడానికి కావలసిన వేగం, బాంబు విడవవలసిన ఎత్తు, తిరుగు ప్రయాణానికి మిగలవలసిన ఇంధనం అన్నీ కచ్చితంగా ఉంటాయి. ఓడరేవు ఉంటుంది, ఇళ్లూ ఉంటాయి. మూటలు నెత్తిన పెట్టుకుని పోతున్న మనిషి మాత్రం ఉండడు. ఈ క్రీడలలో పట్టణాలకు కట్టడాలే తప్ప పౌరులు దాదాపు కనిపించరు. తెలుగువాడికి ఆ చరిత్ర కాక్‌పిట్ నుంచి తెలిసినది కాదు, కింది నుంచి తెలిసినది. తన పూర్వులు తలెత్తి చూసిన విమానంలో కూర్చుని, తన పూర్వులు లేని పట్టణం మీదికి అతడు దిగుతాడు.

శిస్తు

మరొక లోటు పైకి కనిపించనిది. క్రీడలో విమానం రన్‌వే మీద సిద్ధంగా ఉంటుంది. అది ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న లేదు. 1940లో బ్రిటన్ ప్రజల నుంచి చందాలు పోగుచేసేటప్పుడు ఒక స్పిట్‌ఫైరుకు 5,000 పౌన్లు అని నామమాత్రపు ధర కట్టారు. హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్ వెనుక నిజాం ఖజానా ఉంది. ఆ ఖజానా వెనుక భూమిశిస్తు ఉంది. ఖజానాలో చేరిన రూపాయికి ఊరి పేరు ఉండదు కాబట్టి ఏ గ్రామం ఏ విమానపు రెక్కకు డబ్బు కట్టిందో విడదీసి చూపడం సాధ్యం కాదు. నిజాం రాజ్యంలోని రైతు ఎంతోకొంత కట్టాడన్నది మాత్రం నిజం. అతణ్ణి ఎవరూ అడగలేదు. అదే యుద్ధకాలంలో రైతుల ఇళ్ల నుంచి లెవీ ధాన్యం కొలిపించుకున్న సంగతి తెలంగాణ చరిత్ర చదివినవారికి తెలిసినదే.

తెలుగు నవల వాస్తవికతను వెతికింది సరిగ్గా ఈ చోట. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోనూ, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లోనూ దొరగడి ఎంత ఎత్తో, అందులో ఎన్ని గదులో కొలిచి చెప్పడం ప్రధానం కాదు. ఆ గడి ఎవరి వెట్టి మీద నిలిచిందన్నది ప్రధానం. వస్తువు ఎలా పనిచేస్తుందన్నది ఒక వాస్తవికత, అది ఎవరి భుజాల మీదుగా వచ్చిందన్నది మరొక వాస్తవికత. మొదటిది తెలిసి రెండవది తెలియనివాడు దస్తార్ చిహ్నమున్న విమానాన్ని గర్వంగా నడుపుతాడు. ఆ గర్వం తప్పని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దానికి చెల్లించినవాడి ఊసు కూడా ఆ గర్వంలో ఉండాలని మాత్రమే.

ఆట ఆడినవారే ఆనాటి పైలట్ల జ్ఞాపకాలను వెదికి చదువుతారని, పట్టికలో లేనిదాన్ని పుస్తకాలలో పూరించుకుంటారని సమర్థకులు అంటారు. ఇందులో నిజం ఉంది. ఈ వ్యాసకర్తకు తెలిసిన ఒకరిద్దరు ఆ దారినే చరిత్రలోకి వచ్చారు. అయితే ఆ గుణం చదివినవాడిది. తలుపు తెరిచింది ఆటే అయినా, లోపలికి నడవమని అది ఎక్కడా చెప్పలేదు.

2019

పాత యుద్ధం విషయంలో ఈ లోట్లు కొంత క్షమించదగినవి. నడుస్తున్న కాలపు యుద్ధం ఆటగా వచ్చినప్పుడు అంత తేలికగా వదలలేము. భారత వాయుసేన 2019 జులై 31న 'ఎ కట్ అబోవ్' అన్న మొబైల్ క్రీడను విడుదల చేసింది. యువతను వాయుసేన వైపు ఆకర్షించడం దాని ప్రకటిత లక్ష్యం. బాలాకోట్ దాడీ, మరునాటి గగనపోరూ జరిగి అప్పటికి అయిదు నెలలే. క్రీడలోని పైలట్ బొమ్మ మీసకట్టు చూసి, అది ఆ పోరులో విమానం కూలి పట్టుబడి, మార్చి 1న తిరిగివచ్చిన అధికారిదేనని దేశమంతా పోల్చుకుంది. ఇది ఫోనులో ఆడే తేలికపాటి ఆట, సిమ్యులేషన్ కాదు. కాబట్టి ఇంజను వేడి ఉందా లేదా అని దానిని నిలదీయడం అనవసరం.

ఆ ఫిబ్రవరి 27 ఉదయం మరొకటి కూడా జరిగింది. శ్రీనగర్ సమీపంలోని బడ్గాం వద్ద మన ఎంఐ-17 హెలికాప్టరు మన క్షిపణి తగిలే కూలింది. అందులోని ఆరుగురు వాయుసైనికులూ, నేలమీద ఒక పౌరుడూ చనిపోయారు. అది పెద్ద పొరపాటని ఆ అక్టోబరులో వాయుసేనాధిపతి బహిరంగంగా అంగీకరించాడు. ఆ అంగీకారం గౌరవించదగినది. సంస్థ తన నోటితో చెప్పగలిగిన ఈ మాటను ఏ ఆటా తన పట్టికలో పెట్టుకోలేదు. ఆకాశంలో కనిపించిన చుక్క తనవాడిదో పరాయివాడిదో తెలియని కొన్ని క్షణాలు, ఆ క్షణాల తరువాత బతికినన్నాళ్లూ మోయవలసిన బరువు యుద్ధంలోని ముఖ్య వాస్తవాలు. పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడికి చెప్పకపోతే అన్యాయం జరిగేది వీటి విషయంలోనే. చెబితే అతడు వెనుదిరుగుతాడని అనుకోవడం అతణ్ణి తక్కువ చేయడం. బరువు తెలిసి ఎత్తుకునేవాడే ఆ కొలువుకు కావలసినవాడు.

తనవాడు, పరాయివాడు అన్న విభజన ఎంత తాత్కాలికమో హైదరాబాద్ చరిత్రలోనే కనిపిస్తుంది. 1923లో హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగంలో హరికేన్ నడిపాడు. అతనితో ఒకే స్క్వాడ్రన్‌లో ఉన్న అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ దేశవిభజన తరువాత పాకిస్తాన్ వాయుసేనాధిపతులయ్యారు. లతీఫ్ భారతదేశాన్నే ఎంచుకుని 1978లో భారత వాయుసేనాధిపతి అయ్యాడు. 1965లో నూర్ ఖాన్ నడిపిన వాయుసేనతో తలపడినది లతీఫ్ ఎంచుకున్న వాయుసేనే.

స్త్రీపర్వం చివర తర్పణాలు వదిలే వేళ కుంతి కర్ణుడు తన పెద్దకొడుకని బయటపెడుతుంది. చంపినవాడు ఎవరో చంపినవారికి తెలిసేది అప్పుడు. ధర్మరాజు రాజ్యం వద్దనుకునేంత దుఃఖం ఆ పేరు విన్నాకనే మొదలవుతుంది. పలువురు కలిసి ఆడే విమానక్రీడలో కూలిన ప్రత్యర్థి పేరు తెర మూలన వెంటనే పడుతుంది. అది అతడు ఆట కోసం పెట్టుకున్న మారుపేరు. మరుక్షణం అతడు మరో విమానం ఎక్కి రన్‌వే మీద ఉంటాడు.